మంచ్‌కిన్ పిల్లికి ఎవరి గుర్తింపు?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో మంచ్‌కిన్ అనే పొట్టికాళ్ళ పిల్లుల మీద వచ్చిన కథనం చదివాను. ఫొటోలు ముద్దుగానే ఉన్నాయి. కానీ ‘ప్రపంచమంతా గుర్తించిన జాతి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది నిజం కాదు.

పొట్టికాళ్ళ పిల్లుల గురించి 1940లలోనే బ్రిటన్‌లో రాశారు. ఆ వంశం యుద్ధకాలంలో కనుమరుగైంది. ఇప్పుడున్న మంచ్‌కిన్‌ల కథ 1983లో అమెరికాలోని లూసియానాలో మొదలైంది. రేవిల్‌లో కుక్క తరిమితే ట్రక్కు కింద దూరిన చూలు పిల్లిని శాండ్రా హోకెనెడెల్ అనే మ్యూజిక్ టీచర్ ఇంటికి తెచ్చి, బ్లాక్‌బెర్రీ అని పేరు పెట్టింది. దాని పిల్లల్లో ఒక పొట్టికాళ్ళ గండుపిల్లి ఆమె స్నేహితురాలి ఇంటికి చేరింది. అది ఊళ్లో తిరుగుతూ సంతతిని పెంచింది. అంటే ఇది ఎవరో లేబొరేటరీలో తయారు చేసింది కాదు, వీధిలో దానంతటదే వచ్చిన మార్పు. ఈ మాట మంచ్‌కిన్ అభిమానులు గట్టిగా చెప్తారు, అందులో తప్పులేదు.

తగాదా ఆ తర్వాతది. పిల్లి జాతులను నమోదు చేసి పోటీలు నడిపే అమెరికా సంస్థ టికా 1994లో మంచ్‌కిన్‌ను కొత్త జాతుల కార్యక్రమంలో చేర్చుకున్నప్పుడు, ఆ పోటీల సీనియర్ జడ్జి ఒకరు నిరసనగా రాజీనామా చేశారు. అయినా 2003లో ఛాంపియన్‌షిప్ హోదా వచ్చేసింది. కానీ అలాంటివే అయిన ఇతర సంస్థలు, అదే దేశంలోని సీఎఫ్ఏ గానీ, బ్రిటన్‌లోని జీసీసీఎఫ్ గానీ, యూరప్‌లోని ఫిఫే గానీ దీన్ని గుర్తించలేదు.

కారణం జన్యువులో ఉంది. పొట్టికాళ్ళ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచి వస్తే కాళ్ళు పొట్టిగా ఉంటాయి. ఇద్దరి నుంచీ వస్తే ఆ పిండం కడుపులోనే పోతుంది. రెండు మంచ్‌కిన్‌లను జత కలిపితే సగటున నాలుగింట ఒక పిండానికి ఇదే గతి. అందుకే బ్రీడర్లు మామూలు పిల్లితో క్రాస్ చేస్తారు. అప్పుడు పుట్టేవాటిలో దాదాపు సగం మామూలు కాళ్ళతోనే పుడతాయి. తమలో తాము కలిసి నిలకడగా కొనసాగలేని వాటిని జాతి అనడానికి నాకైతే మనసొప్పదు. వెన్నెముక లోపలికి వంగడం, రొమ్ము ఎముక నొక్కుకుపోవడం కొన్నిటిలో కనిపించాయి. అన్నిటికీ వస్తాయని నేను అనడం లేదు. చాలా మంచ్‌కిన్‌లు హుషారుగానే పరుగెడతాయి. కాకపోతే ఎత్తుకు ఎగరడంలో వెనకబడతాయి.

మన దగ్గర కుక్కల బ్రీడింగ్‌కు 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అవి పిల్లులకు వర్తించవు. కాబట్టి అమ్మేవాళ్ళు చెప్పిందే కొనేవాళ్ళకు వేదం. మీ కథనం పక్కనే అమ్మకందారుల ఫోన్ నంబర్లు కూడా వేశారు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే సైజు అక్షరాల్లో, ఒక పశువైద్యుడి అభిప్రాయం వేయగలరా? కొనాలనుకునేవాళ్ళు తల్లినీ తండ్రినీ చూపించమని అడగాలని కూడా అందులో రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ