బ్యాంకాక్ చేతి ఖర్చు గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ టూరిజం పేజీలో బ్యాంకాక్ ప్యాకేజీ రేట్లు వేస్తారు బానే ఉంది గానీ, అక్కడ దిగాక రోజుకి చేతిలో ఎంత క్యాష్ ఉండాలో ఎవరూ రాయరండీ. రూమ్ డబ్బులు ముందే కట్టేసుంటే మనిషికి రోజుకి 1000 నుంచి 1200 బాత్‌లు (థాయ్‌లాండ్ కరెన్సీ) సరిపోతాయని నా లెక్క. రోడ్డు పక్క బండి మీద ప్లేటు ఫ్రైడ్ రైసో నూడుల్సో 60, 70 బాత్‌లకి వస్తుంది, అదే పప్పన్నం కావాలని ఇండియన్ హోటల్‌కి పోతే దానికి మూడు నాలుగింతలు అవుద్ది, మనోళ్ళ బడ్జెట్ తేడా కొట్టేది ఇక్కడే. గ్రాండ్ ప్యాలెస్ టికెట్టే 500 బాత్‌లు కాబట్టి ఆ రోజు లెక్క వేరేగా పెట్టుకోవాలి. బండ్ల మీద క్యూఆర్ కోడ్‌లు కనిపిస్తాయి, అవి మన యూపీఐ లాంటి వాళ్ళ దేశపు పేమెంట్ పద్ధతి ప్రాంప్ట్‌పే కోసం, మన యూపీఐ ఉందిలే అని నోట్లు లేకుండా బయల్దేరొద్దు.

ఏటీఎంలో విదేశీ కార్డు పెడితే ఒక్కో సారికి 220 బాత్‌లు, ఒక్కో చోట ఇంకా ఎక్కువే ఫీజు లాగుతారు, అందుకని రోజూ కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి తియ్యడం నయం. రూపాయల్లోకి మార్చి చూపించాలా అని మెషిన్ అడిగితే వద్దనే నొక్కాలి, ఆ రేటు ఘోరం. ప్యాకేజీ రేటు పక్కనే ఇవి కూడా వేస్తే ఫస్ట్ టైమ్ వెళ్ళేవాళ్ళకి ఉపయోగం.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు