ఆకుపచ్చ వెలిసిపోతే కథే మారిపోతుంది

సంపాదకుల వారికి,

రంగులు మెరుగుపరిచామంటూ పాత సినిమాలను టీవీ చానళ్లు, ఓటీటీలు వరుసపెట్టి వేస్తున్నాయి. అది ఏ ప్రింటు, రంగులు ఎవరు సరిచేశారు, దేన్నిబట్టి సరిచేశారు అన్నది మాత్రం ఎవరూ చెప్పడం లేదు. హిచ్‌కాక్ 1958 నాటి 'వెర్టిగో'కు ఇది చిన్న లోపం కాదు. అందులో సగం కథ చెప్పేది రంగులే. మాజీ డిటెక్టివ్ స్కాటీ, మిత్రుడి భార్య మాడెలిన్‌ను వెంబడిస్తూ ప్రేమలో పడతాడు; ఆమె చనిపోయిందనుకున్నాక అచ్చం ఆమెలాంటి జూడీ ఎదురవుతుంది.

ఎర్నీస్ రెస్టారెంటు ఎర్ర గోడల మధ్య మాడెలిన్ నల్ల గౌను, పచ్చ శాలువాతో కనిపిస్తుంది. ఆమె కారూ ఆకుపచ్చే. తర్వాత జూడీ వీధిలో తొలిసారి ఎదురయ్యేదీ ఆకుపచ్చ దుస్తుల్లోనే. హోటల్ గదిలో నియాన్ బోర్డు పచ్చ వెలుగులోంచి, మసకగా తీసిన షాట్‌లో, చనిపోయిన మాడెలినే లేచొచ్చినట్టు జూడీ నడిచి వస్తుంది. ఎరుపేమో స్కాటీ ఇంటి తలుపు రంగు. అయితే మాడెలిన్‌ను నీళ్లలోంచి కాపాడి ఇంటికి తెచ్చాక లెక్క తిరగబడుతుంది: ఎర్ర గౌను ఆమె ఒంటిమీద, ఆకుపచ్చ స్వెట్టర్ అతని ఒంటిమీద. ఆకుపచ్చంటే మృత్యువని ఒక్క ముక్కలో తేల్చేసే సమీక్షకులు ఇక్కడే తడబడతారు.

ఫిల్మ్ మీద ఆకుపచ్చకు సొంత పొర ఉండదు. పసుపు, సయాన్ (నీలం-ఆకుపచ్చ కలిసిన రంగు) పొరలు కలిస్తేనే అది కనిపిస్తుంది. ఆనాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో సయాన్ ముందు వెలిసి, మెజెంటా (ముదురు గులాబీ) మిగిలి, బొమ్మంతా గులాబీకి తిరుగుతుంది. ఒక్కో రంగునూ విడిగా అద్ది తీసిన టెక్నికలర్ డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు చాలా నయం. 'వెర్టిగో' నెగటివ్ కూడా వెలిసింది. మూడు రంగులనూ విడివిడిగా దాచిన సెపరేషన్ మాస్టర్లు ఉన్నా, అవి తలో తీరున కుంచించుకుపోయి చాలాచోట్ల ఒకదానిపై ఒకటి కూర్చోలేదు. 1996లో రాబర్ట్ హ్యారిస్, జేమ్స్ కాట్జ్ దాన్ని 70 ఎంఎంలోకి పునరుద్ధరించినప్పుడు లొకేషన్లు, దుస్తులు, చర్మపు ఛాయ చూసి రంగులు పట్టుకున్నారు. ఫోర్డ్ కంపెనీ ఇచ్చిన పాత కారు పెయింటు నమూనా ఆకుపచ్చకు కొలబద్ద అయింది. అంత పాటుపడినా రంగులపై విమర్శలు తప్పలేదు. ఇక ఏ ఆధారమూ చెప్పని ప్రింటును ఎలా నమ్మాలి?

మంచి ప్రింటు దొరికినా ఇంట్లో టీవీ దాన్ని పాడుచేయగలదు. 'వివిడ్' మోడ్‌లో తెలుపు నీలానికి జరుగుతుంది, నియాన్ పచ్చ ముద్దకడుతుంది. 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్' మోడ్, కలర్ టెంపరేచర్ 'వార్మ్' పెట్టుకోవాలి. షార్ప్‌నెస్ బాగా తగ్గించి, నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ ఆపేయాలి. లేకపోతే ఆ మసక షాట్‌లో గ్రెయిన్ (ఫిల్మ్ సహజమైన రవ్వ) పోయి ముఖం మైనంలా తేలుతుంది. మాడెలిన్ బూడిద రంగు సూటు నీలంగా కనిపిస్తే సెట్టింగ్‌నే ముందు అనుమానించాలి. ఓటీటీ వాళ్లు డేటా పొదుపు చేస్తే పచ్చ వెలుగు మెట్లు మెట్లుగా విరుగుతుంది. దానికి ప్రేక్షకుడు చేయగలిగింది ఏమీ లేదు.

కాబట్టి ప్రసారకర్తలు సినిమాకు ముందు ఒక్క కార్డు వేయాలి: స్కాన్ చేసింది నెగటివ్‌నా, ప్రింటునా, ఏ సంవత్సరంలో, రంగులు ఎవరి పర్యవేక్షణలో సరిచేశారు, ఫ్రేము కత్తిరించారా లేదా. మీ సినిమా పేజీలో పాత చిత్రాల సమీక్ష కింద ఈ వివరాలకు రెండు లైన్లు కేటాయించండి. చెప్పని సంస్థను అడిగి, జవాబు రాకపోతే ఆ సంగతీ అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు