గుణుపురం నుంచి ఉత్తరం

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఉత్తరం నిన్ననే అందింది. ఆసుపత్రిలోనే హోమియో గది ఉంది కదా, అమ్మ మోకాళ్లకి అక్కడ చూపించమంటావా అని అడిగావు. దానికి ముందు మా చెల్లెలి కొడుకు సంగతి విను. నీకు తప్ప ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

శ్రావణంలో గుంటడికి జ్వరం వచ్చింది. వణుకు, తర్వాత ఒళ్లంతా చెమట, సాయంత్రానికి మళ్లీ వణుకు. చెల్లెలు అశ్రద్ధ చెయ్యలేదురా, వెంటనే ఆసుపత్రికే తీసుకెళ్లింది. ఓపీ దగ్గర బారెడు లైను. లోపల డాక్టరుగారు ఒడియాలో గబగబా అడిగేది దానికి సగమే అర్థమవుతుంది. పక్క గదిలో హోమియో డాక్టరమ్మ ఖాళీగా ఉంది. తెలుగులో మాట్లాడింది. వీడికి దాహం వేస్తోందా, ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు, చీకటంటే భయమా అని అరగంట ఓపిగ్గా అడిగింది. చిన్న సీసాలో తెల్లటి తీపి గుళికలు ఇచ్చి, పూటకి నాలుగు చప్పరించమంది. సీసా మీద బెల్లడోనా 30 అని రాసుంది. రక్తం మాత్రం ఎవరూ తియ్యలేదు.

మూడో రోజు రాత్రి నేను వెళ్లేసరికి వాడు పిలిస్తే పలకడం లేదు. పరుగున వెళ్లి ఆశా దీదీని తీసుకొచ్చాను. వేలు గుచ్చి, చుక్క రక్తం కిట్ మీద వేసింది. పావుగంటసేపు ఫోన్ టార్చి పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాం. మొదట ఒక గీత, తర్వాత సన్నగా రెండోది. ఫాల్సిపారం మలేరియా. ఇది 24 గంటల్లోనే ముదిరి ప్రాణం మీదికి తెస్తుంది, మేం మూడు రోజులు గుళికలు చప్పరించాం. ఆ రాత్రే జీపు మాట్లాడుకుని పెద్దాసుపత్రిలో చేర్చాం. ఆర్టెసునేట్ ఇంజెక్షన్లు పడ్డాక బతికాడు.

తర్వాత హోమియో గురించి దొరికిందల్లా చదివాను. దాని పుట్టుకే మలేరియా మందు దగ్గర ఉందిరా! 1790లో హోమియోని మొదలుపెట్టిన జర్మన్ డాక్టరు హానిమన్, అప్పట్లో మలేరియాకి వాడే సింకోనా చెట్టు బెరడు తిని చూసుకుంటే జ్వరం లక్షణాలు కనిపించాయట. జబ్బు లక్షణాలు తెచ్చేదే ఆ జబ్బును తగ్గిస్తుందన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఆయన్ని తప్పు పట్టలేను. మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది వందేళ్లు దాటాక, 1897లో. సింకోనాలోని క్వినైన్ ఆ క్రిమిని చంపుతుందని ఇప్పుడు మనకి తెలుసు. సీసా మీది 30 అంటే, ఒక చుక్క మందుని 99 చుక్కల నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో కలిపి, అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99లో, ఇలా 30 సార్లు. 12 సార్లు దాటేసరికే అసలు మందు అణువు ఒక్కటైనా మిగలడం దాదాపు అసాధ్యం. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 2017లోనే ఈ మందులు రాయొద్దని డాక్టర్లకి చెప్పింది.

"ఆసుపత్రిలోనే ఇచ్చారు కదన్నయ్యా" అని చెల్లెలు ఏడ్చింది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఒకే కప్పు కింద, ఒకే చీటీ మీద ఇస్తుంటే ఏది మందో దానికి ఎలా తెలుస్తుంది? మన్యంలో జ్వరంతో వచ్చినవాళ్లు ఏ గదిలోకి వెళ్లినా ముందు వేలు గుచ్చాలి. ఆ డాక్టరమ్మలా తెలుగులో ఓపిగ్గా వినే మనిషి ఓపీలో కూడా ఉండాలి. ఈ రెండూ అడుగుతూ అర్జీ రాస్తున్నాను.

అమ్మని ముందు ఎముకల డాక్టరుకి చూపించు. బీపీ మాత్రలు ఎవరు ఆపమన్నా ఆపనివ్వకు. ఎక్స్‌రే తీయించాక ఫోన్ చెయ్యి, నేను బయల్దేరి వస్తాను.

నీ
రామం