పొర అంటే శుక్లం ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న నలభై ఏళ్లుగా దర్జీ పని చేస్తున్నారు. రెండేళ్ల కిందట గళ్ల చొక్కా గుడ్డ ముందేసుకుని, "ఏంటమ్మా, ఈ గళ్లు మధ్యలో వంగినట్టున్నాయి, గుడ్డలోనే తేడానా?" అని నన్ను అడిగారు. గుడ్డ బాగానే ఉంది. కంటి శిబిరానికి తీసుకెళ్తే టార్చిలైటు వేసి చూసి "పొర వచ్చింది" అన్నారు. మన దగ్గర పొర అంటే శుక్లమే కదా. ఆపరేషన్ చేశారు. దూరం చూపు బాగుపడింది గానీ, గుడ్డ మీద సుద్దతో గీసిన గీత ఆయనకు వంకరగానే కనిపించేది. "కొన్నాళ్లకు సర్దుకుంటుంది" అన్నారు. రెండుసార్లు కళ్లద్దాలు మార్పించాం.

ఏడాదిన్నర తర్వాత హైదరాబాద్‌లో ఓసీటీ స్కాన్ తీశారు. కాంతితో కంటి లోపలి పొరలను బొమ్మ తీసే పరీక్ష అది. సూది లేదు, నొప్పి లేదు. గడ్డం ఆనించి కూర్చుంటే నిమిషాల్లో అయిపోయింది. డాక్టరమ్మ కంప్యూటర్‌లో బొమ్మ చూపించారు. దొంతరగా రెటీనా (కంటి వెనక, బొమ్మ పడే తెర) పొరలు, వాటిపైన తెల్లటి దారం లాంటి గీత. ఆ గీత కింద, కుట్టు మరీ బిగిస్తే గుడ్డకు పడేలాంటి ముడతలు. మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా నడిభాగం) మధ్యలో ఉండాల్సిన చిన్న గుంట లేనే లేదు. శుక్లం కంటి లెన్సుకు వస్తుంది. ఇదేమో కంటి వెనకాల, రెటీనా మీద పెరిగిన పొర. చుక్కల మందుతోనో, అద్దాలతోనో పోదు.

ఈ పొరను ఓసీటీ బొమ్మల ఆధారంగా నాలుగు దశలుగా చూసే పద్ధతిని 2017లో గోవెట్టో అనే కంటి డాక్టరు బృందం ప్రతిపాదించింది. మొదటి దశలో గుంట అలాగే ఉంటుంది. రెండో దశలో గుంట పోతుంది కానీ రెటీనా పొరల వరస చెడదు. మూడో దశలో రెటీనా లోపలి పొరలు మాక్యులా నడిమధ్యకు పాకుతాయి. నాలుగో దశకు వరసే చెదిరిపోతుంది. దశ ముదిరేకొద్దీ, పొరను ఒలిచే ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా తిరిగొచ్చే అవకాశం తగ్గుతుందట. నాన్నది మూడో దశ. శుక్లం తీసిన రోజుకు అది ఏ దశలో ఉందో ఎవరికీ తెలియదు. అప్పుడు స్కాన్ తీయలేదు మరి.

శిబిరాల్లో చెమటోడ్చే సిబ్బందిని నేను తప్పుపట్టడం లేదు. శుక్లం అడ్డుంటే వెనకున్న రెటీనా సరిగ్గా కనపడదు, ఇంత సన్నటి పొర టార్చికి దొరకదు. కానీ దీన్ని అనుమానించడానికి గళ్ల కాగితం ఒక్కటి చాలు. ఒక కన్ను మూయించి, మధ్యలో చుక్కను చూడమని, గీతలు వంగుతున్నాయా అని అడగాలి. తర్వాత రెండో కన్ను. విడివిడిగానే చూడాలి, లేదంటే మంచి కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు ఊళ్లలోకే కంటి పరీక్షను తెచ్చింది. అలాంటి శిబిరాలన్నిటిలో ఈ కాగితం కూడా ఉండాలి. గీతలు వంగాయన్న వాళ్లకు శుక్లం ఆపరేషన్‌కు ముందే ఓసీటీ తీయాలి. చీటీ మీద ఉత్త "పొర" అని కాకుండా ఎక్కడి పొరో, ఎన్నో దశో తెలుగులో రాసివ్వాలి.

మా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ యంత్రం లేదు. దాని ధర లక్షల్లో ఉంటుందని తెలుసు. నాన్న రెండో కంట్లోనూ పొర మొదలైంది, ఇంకా మొదటి దశే. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి స్కాన్ తీయించమన్నారు. తీసిన ప్రతిసారీ ఆయన దుకాణం మూసి, నేను సెలవు పెట్టి హైదరాబాద్ బస్సెక్కాలి. వచ్చే స్కాన్ నాటికైనా జిల్లా ఆస్పత్రిలో ఓసీటీ యంత్రం పెట్టించాలని ఆరోగ్య శాఖను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు