షాఫ్టు తీసి చూడనిదే బోటు దింపవద్దన్న పెద్దలకు, ఆదుకున్న అందరికీ కృతజ్ఞతలు

కాకినాడ నుంచి వేటకు వెళ్ళే మా మరబోటు గత నెలలో గోదావరి సముద్రంలో కలిసే భైరవపాలెం మొగకు ఎదురుగా ఒక దుంగను ఢీకొన్న రాత్రి మొదలుకొని, తిరిగి నిశ్చింతగా సముద్రంలోకి వెళ్ళిన రోజు వరకు మాకు అండగా నిలిచిన ప్రతి ఒక్కరికీ, మా ఇంటి తరఫున, బోటు మీద పనిచేసే ఏడుగురి కుటుంబాల తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను.

ధవళేశ్వరం దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిందంటే, గోదావరి చెట్ల మొదళ్ళనూ దుంగలనూ సముద్రంలోకి మోసుకొస్తుందని తీరంలో అందరికీ తెలుసు. వరద తగ్గి వారం దాటింది కదా అని మేము మొగ ముందు నుంచే అడ్డంగా వెళ్ళాము. బాగా నానిన దుంగ నీటి మట్టానికి కాస్త దిగువనే తేలుతుంది కనుక లైటు వేసినా కనబడలేదు. ముందు అడుగున ఒక దెబ్బ, వెంటనే వెనుక వైపు ఇంకా గట్టి దెబ్బ వినిపించాయి. ఆ తరువాత బోటంతా అదరడం మొదలైంది. మంచినీళ్ళ డ్రమ్ము మీద బోర్లించి ఉన్న స్టీలు గ్లాసు ఆగకుండా గలగలలాడుతూనే ఉంది.

ఆ సమయంలో బోటు నడిపే మా సరంగు గారు చూపిన నిదానానికి ముందుగా నమస్కరిస్తున్నాను. ఆయన ఇంజను ఆపకుండా గేరు మాత్రం తీశారు. గ్లాసు చప్పుడు ఆగిపోయింది. నెమ్మదిగా మళ్ళీ గేరు వేయగానే చప్పుడు మొదలైంది. లోపం ఇంజనులో కాదు, గేరు బాక్సుకు వెనుక ఉండి ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు అనే కడ్డీలోనో ప్రొపెల్లర్‌లోనో ఉందని ఆయన అక్కడే తేల్చారు. ఇంజను గది పలకలు ఎత్తి టార్చి వేసి చూస్తే, షాఫ్టు బయటికి వెళ్ళే చోట నీరు లోపలికి రాకుండా బిగించే గ్లాండు దగ్గర చుక్కలుగా రావలసిన నీరు సన్నటి ధారగా కారుతోంది. ఇక గేరు వేయవద్దని ఆయన పట్టుబట్టారు. మా కేక అందుకున్న పొరుగు బోటువారు వలలు ఎత్తేసి, తాడు కట్టి, ఐదు గంటల పాటు మమ్మల్ని లాక్కొచ్చారు. వారికి ఆనాటి వేట పోయింది. డీజిలు ఖర్చైనా తీసుకోమంటే, రేపు మాకు అవసరం రాదా అన్నారే తప్ప రూపాయి ముట్టలేదు.

రేవుకు చేరాక మా కళాసీ నీటిలో మునిగి చేత్తో తడిమి, ప్రొపెల్లర్ రెక్క ఒకటి బొటనవేలంత మేర మడత పడిందని చెప్పాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం గడిచి, అప్పులు తీర్చే సీజను నడుస్తోంది కనుక, వేరే ప్రొపెల్లర్ బిగించుకుని రెండు రోజుల్లో వెళ్ళిపోదామని నేను తొందరపడ్డాను. అందుకు అడ్డుపడినవారు మా లేత్ మేస్త్రి గారు. "బాబూ, రెక్కకు తగిలిన దెబ్బ రెక్క దగ్గరే ఆగదండి. షాఫ్టు బయటికి తీసి చూడకుండా నేను కొత్తది బిగించను" అని ఖండితంగా చెప్పారు.

బోటును గట్టెక్కించి, షాఫ్టును గేరు బాక్సుకు కలిపే కప్లింగు బోల్టులు విప్పి, షాఫ్టును చేత్తో తిప్పించారు. ప్రతి చుట్టులోనూ ఒకే చోట అది బిగిసింది. వంపు ఉన్నదనడానికి అది మొదటి గుర్తని చెప్పారు. చుక్కాని దించి షాఫ్టును వెనక్కి లాగి చూస్తే, వెనుక బేరింగులోని రబ్బరు ఒక పక్కనే అరిగి ఉంది. లేత్ షాపులో షాఫ్టు తిప్పుతూ, వంపును కొలిచే డయల్ గేజి ఆనించినప్పుడు ముల్లు 0.60 మిల్లీమీటర్ల మేర ఊగింది. ముల్లు చూపిన దానిలో సగం, అంటే 0.30, అసలు వంపు అని ఆయన వివరించారు. అంతవరకైతే ప్రెస్సు మీద సరిచేయవచ్చునట. అయినా ఆయన తృప్తి పడలేదు. ప్రొపెల్లర్ కూర్చునే వాలు భాగాన్ని శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు ద్రవం పూసి, పావుగంట ఆగి, పైరంగును తుడిచేసి తెల్లటి పొడి స్ప్రే చేశారు. నేను చూస్తుండగానే, ప్రొపెల్లర్ షాఫ్టు మీద జారకుండా పట్టి ఉంచే తాళంచెక్క కూర్చునే గాడి మూలలో వెంట్రుకంత సన్నటి ఎర్ర గీత ఆ తెలుపు మీద మెల్లగా పైకి తేలింది. అది పగులు. షాఫ్టులో ఎక్కువగా విరిగేది ఆ గాడి మూల దగ్గరేనని, పగులున్న షాఫ్టును ఎంత సరిచేసినా నమ్మకూడదని ఆయన చెప్పారు. అది నడి సముద్రంలో తెగి ఉంటే ప్రొపెల్లర్ నీటి పాలయ్యేది, గాలివానలో బోటు కదిలే దారి లేక కొట్టుకుపోయేది. ఆ గీతను తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

కొత్త షాఫ్టుకు కావలసిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీని, సీజను అయ్యాక డబ్బు ఇవ్వమని చెప్పి అప్పుగా ఇచ్చిన దుకాణదారు గారి మేలు మరువలేనిది. గట్టు మీద ఉన్నప్పుడు, నీటిలో ఉన్నప్పుడు బోటు అడుగు ఒకే తీరుగా ఉండదు. అందుకని మేస్త్రి గారు బోటును దింపించి, రెండు రోజులు నీటిలోనే ఉంచి, ఆ తరువాతే పలుచటి కొలత రేకులుండే ఫీలర్ గేజితో కప్లింగుల మధ్య సందును నాలుగు వైపులా కొలిచారు. మా ఆరంగుళాల కప్లింగుకు ఆ నాలుగు కొలతల మధ్య తేడా అంగుళంలో వెయ్యోవంతులు ఆరుకు మించకూడదట. అది నాలుగుకు వచ్చేదాకా ఇంజను కింద పలుచటి రేకు ముక్కలు మార్చి మార్చి పెడుతూ, సాయంత్రం దాకా నడుము ఎత్తకుండా పనిచేసిన ఆయన ఇద్దరు శిష్యులకు నా ప్రత్యేక అభినందనలు.

మొన్న మొదటి వేటకు వెళ్ళినప్పుడు సరంగు గారు ఆ స్టీలు గ్లాసునే డ్రమ్ము మీద బోర్లించి పెట్టారు. ఇంజను పూర్తి వేగంలో ఉన్నా అది చప్పుడు చేయలేదు. పగిలిన షాఫ్టు ముక్కను మేస్త్రి గారు అడిగితే ఆయనకే ఇచ్చాను. ఎర్ర గీత అలాగే ఉంచి, లేత్ షాపు గుమ్మం పక్కన నిలబెట్టారు; తోటి బోటువారు ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.