అహ్మదాబాద్ ఆటలకి పెట్టే డబ్బు గురించి

ప్రియమైన సూరీ,

నీ ఉత్తరం అందింది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయని ఉత్తరం నిండా నీ సంబరమే. పిల్లలకి పరుగు నేర్పేవాడివి, సంబరపడకుండా ఎలా ఉంటావు! నాకూ సంతోషమే. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన ఈ క్రీడలకి నూరేళ్లు నిండే ఏడాది మన దేశానికి దక్కడం చిన్న విషయం కాదు. అయితే చివర్లో ఒక మాట అడిగావు, "కేంద్రం డబ్బులిస్తానంది కదా, నీకెందుకు టెన్షన్?" అని. నా టెన్షన్ అంతా అక్కడే ఉంది, అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నవి ముఖ్యంగా రెండు. ఒకటి, అవకాశం మనకి వస్తే గుజరాత్ ప్రభుత్వానికి గ్రాంటు ఇవ్వడం. రెండోది, ఆతిథ్య ఒప్పందం మీద సంతకం చేయడం, దానికి కావలసిన గ్యారంటీలు ఆయా మంత్రిత్వ శాఖల నుంచి ఇప్పించడం. అందరూ గ్రాంటు గురించే మాట్లాడుతున్నారు. నాకు భయం గ్యారంటీ గురించి. గ్రాంటుకి ఏదో ఒకరోజు బడ్జెట్ పద్దులో ఒక అంకె కనిపిస్తుంది, ఎక్కువో తక్కువో వాదించుకోవచ్చు. "అన్నీ సిద్ధం చేస్తాం" అని ఇచ్చిన మాటకి అంకె ఉండదు. ఖర్చు ఎంత పెరిగితే అంతా ప్రభుత్వం మీదే పడుతుంది.

పెరగడం కూడా ఖాయంరా. ప్రభుత్వం కట్టే వంతెన ఆలస్యమైతే ఇంకో ఏడాది ఆగుతుంది. ఆటలు అలా ఆగవు. ముహూర్తం పెట్టుకున్న పెళ్లి లాంటివి అవి, ఆఖరి వారంలో ఎవరు ఎంత అడిగితే అంత ఇచ్చి తీరాలి. ఆ సంగతి కాంట్రాక్టర్‌కీ తెలుసు, టెండర్ పిలిచే అధికారికీ తెలుసు.

ఢిల్లీ 2010 గుర్తుందా? 2003లో బిడ్ వేసినప్పుడు చెప్పిన అంచనా సుమారు 1,200 కోట్లు. ఆటలు ముగిశాక, ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ లెక్క తీస్తే కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం కలిపి పెట్టుకున్న బడ్జెట్ 18,532 కోట్లని తేలింది. తడిసి మోపెడవడం అంటే ఇదే. ఆటగాళ్లు ఉండటానికి కట్టిన క్రీడాగ్రామం సంగతి ఇంకా బాధాకరం. ప్రైవేటు బిల్డర్ సొంత డబ్బుతో కట్టి, తర్వాత ఫ్లాట్లు అమ్ముకోవాలన్నది ఏర్పాటు. 2009లో అతనికి డబ్బు సరిపోలేదు. పని ఆగితే పరువు పోతుందని ప్రభుత్వ సంస్థ అయిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) 333 ఫ్లాట్లు కొని 700 కోట్లకు పైగా ఇచ్చింది. అంటే లాభం వస్తే అతనిది, నష్టం వస్తే మనది.

అన్నిటికంటే నన్ను కలచివేసేది ఇంకొకటి. షెడ్యూల్డు కులాల కోసం విడిగా పెట్టిన ఉపప్రణాళిక నిధుల్లోంచి వందల కోట్లు ఈ ఆటల పనులకి మళ్లించారు. 2010 ఆగస్టులో అప్పటి హోంమంత్రి చిదంబరం రాజ్యసభలో ఆ సంగతి ఒప్పుకున్నారు. ఆటలకి ఖర్చు పెట్టొద్దని నేను అననురా, కానీ ఒక పేదపిల్ల హాస్టలుకి వెళ్లాల్సిన రూపాయి స్టేడియం లైట్లకి వెళ్తే ఎలా ఊరుకుంటాం?

నువ్వన్నట్టు ఢిల్లీకి మెట్రో కొత్త లైన్లు, విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ వచ్చాయి. అవి జనానికి ఈరోజుకీ పనికొస్తున్నాయి, కాదనను. కానీ మెట్రో ఆటల్లేకపోయినా కావలసిందే కదా. ఊరికి ఎలాగూ అవసరమైన పని ఒక పద్దులో, ఆటలు జరిగే ఆ కొద్ది రోజుల కోసం చేసే పని ఇంకో పద్దులో ఉండాలి. రెండూ కలిపేస్తే అసలు ఆటల ఖర్చెంతో ఎవరికీ తెలియదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సంగతీ చదివే ఉంటావు. 2026 కామన్వెల్త్ క్రీడలు తామే జరుపుతామని చెప్పి, 2023 జులైలో మానుకున్నారు. 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా 600 కోట్లు దాటిందన్నారు. మానుకున్నందుకు 38 కోట్ల డాలర్ల పరిహారం కట్టారు. మాట తప్పడానికీ డబ్బే! ఆ క్రీడల్ని తర్వాత స్కాట్లాండ్‌లోని గ్లాస్గో తీసుకుంది, పది క్రీడలకి కుదించి, ఊళ్లో ఉన్న వేదికలతోనే. మన హాకీ, కుస్తీ, బ్యాడ్మింటన్ అందులో లేకుండా పోయాయి, ఆ బాధ నాకూ ఉంది. అయినా ఉన్నదాంట్లో సర్దుకుంటామన్న ఆ తీరు నాకు నచ్చింది.

అహ్మదాబాద్‌కి ఒక మేలుంది. లక్షా ముప్పైరెండు వేల మంది పట్టే క్రికెట్ స్టేడియం ఉంది, నారణ్‌పురాలో 800 కోట్లకు పైగా పెట్టి కట్టిన క్రీడా సముదాయం 2025 సెప్టెంబరులో తెరిచారు. అన్నీ మొదటి నుంచి కట్టక్కర్లేదు. కాబట్టి కేంద్రం గ్రాంటు ఇవ్వనీ, బాగానే ఇవ్వనీ. ఇంతకు మించి ఇవ్వబోమని మాత్రం ఇప్పుడే కాగితం మీద రాయాలి, మించితే ఎవరు భరిస్తారో కూడా అక్కడే రాయాలి. 2030 తర్వాత నిర్వహణకి డబ్బెక్కడిదో చెప్పకుండా ఒక్క కొత్త మైదానానికీ అనుమతి ఇవ్వకూడదు. సింథటిక్ ట్రాక్‌ని కొన్నేళ్లకోసారి మళ్లీ వేయకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా.

రాష్ట్ర అసోసియేషన్ మీటింగుకి వెళ్తానన్నావు కదా. అక్కడ పతకాల లెక్కలు అయ్యాక, నా తరఫున ఒక్కటి అడుగు. ఆటలు ముగిసిన మర్నాటి నుంచి ఆ ట్రాక్ మీద మామూలు బడి పిల్లలు పరుగెత్తొచ్చా, ఫీజు ఎంత, ఎవరు ఖరారు చేస్తారు? వాళ్లేమన్నారో పూసగుచ్చినట్టు రాయి.

నీ
మధు