ఆదివారం నడక ఒక్కటి సాలది బాపూ

డల్లాస్

బాపూ,

నువ్వు పంపిన రిపోర్టు చూసిన. పరగడుపున 104, గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు 168. పరగడుపుది చూసి షుగరు లేదని నిమ్మలంగ ఉండకు. రెండు గంటలది 140 నుంచి 199 నడుమ ఉన్నదంటే, తిన్నది ఒంట్లె సర్దుకునుడు మెల్లగయిందన్నట్టు. షుగరు బీమారి అనేది 200 కాడ మొదలైతది. ఇంక మన చేతులనే ఉన్నది.

తిన్నంక రక్తంలకొచ్చే గ్లూకోజును ఎక్కువ తీసుకునేటియి కండలే. గ్లూకోజును తీసుకోమని కండలకు చెప్పేది ఒంట్ల ఊరే ఇన్సులిన్. నీ కండలు దాని మాట సరిగ వింటలేవు. కానీ నడిచేటప్పుడు కండ పనిచేస్తే, ఇన్సులిన్ చెప్పకున్నా గ్లూకోజును గుంజుకుంటది. ఆ గుణం ఒకటి రెండు రోజులే నిలుస్తది. అందుకే ఆదివారం భద్రకాళి చెరువు కట్ట మీద రెండు గంటలు నడిచి వారమంత కూసుంటే, బుధవారానికి ఏం మిగలది. రోజుకు అర్ధగంట, వారానికి అయిదు రోజులు. వరుసగ రెండు రోజులకు మించి ఎన్నడు ఇడువకు.

నడిచేటప్పుడు మాట రావాలె, పాట రావద్దు, అంత జోరు. రాత్రి బువ్వ తిన్నంక మంచమెక్కకుండ పావుగంట వాకిట్ల తిరుగు, గ్లూకోజు ఎక్కేది అప్పుడే. ఎండకాలం పొద్దున ఏడు లోపల ముగించు. ఛాతీల బరువనిపిస్తే అక్కడ్నే ఆగు, డాక్టరుకు చూపియ్యకుండ మళ్ల నడవకు.

కండ తగ్గితే గ్లూకోజు దాసుకునే జాగనే తగ్గుతది. వారానికి రెండు మూడు సార్లు, రోజిడిసి రోజు, చేతులు ఆనియ్యకుండ కుర్చీల కెళ్లి పదిసార్లు లేచి కూసో. నిమిషం ఆగి మళ్ల పది, అట్ల మూడు విడతలు. మోకాళ్లు గుంజితే కుర్చీల మెత్త ఏసుకో, ఎత్తైతది.

బరువు తగ్గలేదని మాత్రం ఇడిసిపెట్టకు. నీ అసొంటి రిపోర్టులున్నోళ్ల మీద మన దేశంల చేసిన పరిశోధన 2006ల అచ్చయింది. నడక, తిండి మార్చుకున్నోళ్లల బరువు పెద్దగ తగ్గకున్నా, షుగరు వచ్చుడు 28 శాతం దాక తగ్గింది.

మళ్ల పరీక్షకు పోయే ముందు మూడు రోజులు ఎప్పటి తీర్గనే అన్నం, రొట్టె తిను. బాగొస్తదని కడుపు మాడ్సుకుంటే రెండు గంటలది ఉల్టా పెరుగుతది. గ్లూకోజు తాగినంక రెండు గంటలు అటిటు తిరగకుండ కూసో. అమ్మకు గూడ అదే రోజు చేయించు.

నీ బిడ్డ